నాకు అంటగట్టిన ప్రకృతి తెలివి

బి.బి.ఎం.లో చేరేదాకా నాకు ప్రకృతి అంటే అంత ప్రేమ ఉందని నాకే తెలియదు.

మాది అరకులోయకి ఆవల, జీపు దిగాక కొండెక్కి నడవాల్సిన ఊరు. వానాకాలంలో ఆ దారిన ఇల్లు చేరేసరికి పిక్కల మీద జలగలు వేలాడుతుండేవి. గుమ్మం ముందు నిలబడి, ఉప్పు రాసి, వాటిని రాల్చుకున్నాకే లోపలికి వెళ్ళేవాళ్ళం. చలికాలం వస్తే కాఫీ పళ్ళు కొయ్యాలి. మంచుకి తడిసిన కొమ్మని వంచామంటే దాని మీది నీళ్ళన్నీ మెడలోంచి వీపు మీదకి దిగుతాయి. ఆ మంచునే చూడడానికి టూరిస్టులు విశాఖపట్నం నుంచి రైలెక్కి వచ్చేవారు. స్వెట్టర్లు వేసుకుని మా వలిసె పూల చేలో దిగి, మొక్కలు తొక్కి, ఫోటోలు తీసుకుని, వేడివేడిగా భోజనం చేసి వెళ్ళిపోయేవారు. వాళ్ళకున్నది ప్రకృతి ప్రేమ. మాకున్నది బస్సు లేకపోవడం.

నా ఆశయం చాలా చిన్నది. తలుపులున్న గదిలో, కుర్చీలో కూర్చుని, వాన వస్తే లేచి కిటికీ మూసుకుని మళ్ళీ కూర్చునే ఉద్యోగం కావాలి. అందుకోసమే ఆశ్రమ పాఠశాలలో పది, పాడేరులో ఇంటరు చదివాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అరకులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ పెట్టి, బి.బి.ఎం. అనే కోర్సు తెచ్చారు. మొదటి బి ఏమిటో చెప్పలేదు గాని, రెండో బి అంటే బిజినెస్ అని, ఎం అంటే మేనేజ్‌మెంటు అని, అది చదివినవాళ్ళని ఏసీ గదిలో కూర్చోబెడతారని ఊరూరా జీపులో మైకు కట్టి చెప్పారు. అరకు చలిలో ఏసీ ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. చేరిపోయాను.

కాలేజీ అంటే ఒక లాడ్జి పై అంతస్తు. దాని యజమానే మా కరస్పాండెంటు గారు. శృంగవరపుకోట వైపు నుంచి వచ్చి ముందు లాడ్జి కట్టారు. టూరిస్టులు చలికాలంలో తప్ప పెద్దగా రావడం లేదని, మిగతా కాలమంతా పై గదులు ఖాళీగా ఉంటున్నాయని గమనించి విద్యాసేవకి పూనుకున్నారు. మా క్లాసు డీలక్స్ రూములో జరిగేది. ఒక గోడకి నిలువెత్తు అద్దం, పక్కనే బాత్‌రూము, తలుపు వెనక "చెక్ అవుట్ మధ్యాహ్నం పన్నెండు" అని బోర్డు. ఆ బోర్డు తియ్యలేదు. అందుకని పన్నెండు కాగానే కొందరు అబ్బాయిలు నిబంధన పాటిస్తున్నట్టు సంచులు సర్దుకునేవారు. అప్పుడప్పుడు ఎవరో కొత్త దంపతులు తలుపు తట్టి, లోపల ఇంతమందిని చూసి జడుసుకుని కిందకి పరుగెత్తేవారు.

మాలో సగం మంది కొండ ఊళ్ళ పిల్లలం. మిగతా సగం అరకులో స్థిరపడిన వ్యాపారుల, ఉద్యోగుల పిల్లలు. హాస్టల్లో నా గదిలోనే ఉండే నా స్నేహితురాలిది మా పక్క లోయ. దానికి ప్రపంచంలో నిద్రని మించిన విద్య లేదు. నిలబడి కూడా కునుకు తీయగలిగేది. అవతలి సగంలో నాకు బాగా తెలిసినవాడు ఒక్కడే, సంత వీధిలో హోల్‌సేల్ కిరాణా షావుకారు గారి అబ్బాయి. బొద్దుగా, నెమ్మదిగా ఉండేవాడు. లెక్కల క్లాసులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు.

అకౌంట్స్ చెప్పడానికి విజయనగరం నుంచి ఒక మాస్టారు వచ్చారు. మెడకి మఫ్లరు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆయనకి బోధనా పద్ధతి అంటూ ప్రత్యేకంగా ఏమీ ఉండేది కాదు. బోర్డు మీద లెక్క చేస్తారు. అర్థం కాలేదంటే మళ్ళీ చేస్తారు. మళ్ళీ అర్థం కాలేదంటే విసుక్కుని, బయటికి వెళ్ళి ఒక నిమిషం నిలబడి, లోపలికొచ్చి మళ్ళీ చేస్తారు. తర్వాత చాక్‌పీసు మన చేతికిచ్చి మనచేత చేయిస్తారు. ఇంత వెనకబడిన పద్ధతిలోనే మాకు డెబిట్టు ఏదో క్రెడిట్టు ఏదో కాస్త తెలియడం మొదలైంది.

సరిగ్గా అప్పుడు కరస్పాండెంటు గారు విశాఖపట్నంలో ఏదో విద్యాసంస్థల సమావేశానికి వెళ్ళొచ్చారు. వస్తూ వస్తూ ఒక ట్రైనరు గారిని వెంటబెట్టుకొచ్చారు.

ట్రైనరు గారు టై కట్టుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని, ఎవరిని చూసినా చాలా కాలంగా తెలిసినట్టు నవ్వేవారు. మమ్మల్నందరినీ లాడ్జి డైనింగ్ హాల్లో కూర్చోబెట్టారు.

"ఫ్రెండ్స్, మీలో తెలివి తక్కువ వాళ్ళు ఎవరూ లేరు," అన్నారు.

ఆ మాటకి మేమందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అంతవరకూ మాకా అనుమానం లేదు.

పొద్దున్న పూట నేర్చుకునే తీరుల గురించి చెప్పారు. కొందరు చూస్తే నేర్చుకుంటారట, కొందరు వింటే నేర్చుకుంటారట, కొందరు చేస్తే గాని నేర్చుకోరట. అది కిటికీలన్నీ మూయించి గోడ మీద బొమ్మ వేసి చూపించబోతుండగా కరెంటు పోయింది. ట్రైనరు గారు ఏమాత్రం తొణకలేదు. "ఇప్పుడు విని నేర్చుకునేవాళ్ళకి అవకాశం వచ్చింది," అన్నారు. చీకట్లో ఆయన చెబుతూ పోయారు. నా పక్కన నా స్నేహితురాలు మాత్రం నిద్రపోతూ నేర్చుకునే నాలుగో తీరులో ఉంది.

భోజనాల తర్వాత తెలివితేటల వంతు వచ్చింది. తెలివి ఒకటి కాదట, ఎనిమిది రకాలట. భాష తెలివి, లెక్క తెలివి, బొమ్మల తెలివి, శరీరం తెలివి, సంగీతం తెలివి, నలుగురితో మెలిగే తెలివి, తన్ను తాను తెలుసుకునే తెలివి, ఆఖరున ప్రకృతి తెలివి. ఎవరికి ఏ తెలివి ఉందో తెలుసుకుని దాని ప్రకారం చదువు చెబితే, బిజినెస్ విద్యార్థి ఆకాశాన్ని అందుకుంటాడన్నారు. అది తెలుసుకోవడానికి ఒక పరీక్ష పెట్టారు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ తెలుగులో చెబుతుంటే మేం అవుననో కాదనో టిక్కు పెట్టాలి.

"చాలా దూరం కాలినడకన వెళ్ళడం మీకు అలవాటేనా?"

అవును. జీపు మా ఊరికి రాదు మరి.

"ఆకాశం చూసి వాన వస్తుందో రాదో చెప్పగలరా?"

అవును. చెప్పలేకపోతే ఆరబెట్టిన కాఫీ గింజలు తడుస్తాయి, మా అమ్మ వీపు పగలగొడుతుంది.

"మీ ఖాళీ సమయం జంతువులతో గడుపుతారా?"

నాకు ఖాళీ దొరికిందని తెలిస్తే మా ఇంట్లో మేకల్ని తోలుకెళ్ళమనేవారు. అవును.

"పజిల్స్ అంటే ఇష్టమా?"

"పజిల్స్ అంటే ఏటండి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ట్రైనరు గారు జాలిగా నవ్వి, "తెలియకపోతే కాదని పెట్టేయండి," అన్నారు.

చెట్లంటే ఇష్టమా, చెట్ల మధ్య ఉండాలని ఉందా అని మాత్రం ఎక్కడా అడగలేదు. అడిగితే నా జీవితం ఇంకోలా ఉండేది.

మర్నాడు ఫలితాలు చెప్పి, చొక్కాలకీ ఓణీలకీ రిబ్బన్లు గుచ్చారు. లెక్క తెలివికి నీలం, భాషకి ఎరుపు, శరీరానికి గోధుమరంగు, సంగీతానికి పసుపు, ప్రకృతికి ఆకుపచ్చ. నాకు ఆకుపచ్చ వచ్చింది. బిందెలు మోస్తాను, కట్టెలు కొడతాను అని నిజాయితీగా టిక్కులు పెట్టిన నా స్నేహితురాలికి శరీరం తెలివి ఉందని తేలింది. మేం అటూ ఇటూ చూశాం. శాస్త్రం గొప్పదనం అప్పుడు తెలిసింది. నీలం, ఎరుపు రిబ్బన్లన్నీ వ్యాపారుల, ఉద్యోగుల పిల్లలకి వచ్చాయి. కొండ ఊళ్ళ వాళ్ళకి ఒక్కరూ తప్పకుండా గోధుమరంగు, పసుపు, ఆకుపచ్చ. మేం ఎక్కడి వాళ్ళమో ఆ కాగితాల మీద రాయకపోయినా పరీక్ష తనంతట తానే పసిగట్టేసింది. షావుకారు గారి అబ్బాయికి నీలం. కొట్లో లెక్కలు చూస్తారా అన్న ప్రశ్నకి వాడు అవునని పెట్టాడు. వాళ్ళ నాన్న లెక్కలు వేస్తుంటే వాడు చూస్తూ ఉండేవాడు మరి.

మాస్టార్లకి కూడా పరీక్ష పెట్టారు. అకౌంట్స్ మాస్టారికి తన్ను తాను తెలుసుకునే తెలివి వచ్చింది. అలాంటివాళ్ళు ఒంటరిగా బాగా పనిచేస్తారు కాబట్టి మీటింగులకి పిలవక్కర్లేదని ట్రైనరు గారు సెలవిచ్చారు.

ఆ సోమవారం నుంచి కొత్త టైంటేబులు. నీలం వాళ్ళు డీలక్స్ రూములో మాస్టారి దగ్గర అకౌంట్స్ చదువుతారు. ఎరుపు వాళ్ళు పక్క గదిలో బిజినెస్ ఇంగ్లీషు. పసుపు వాళ్ళు సాయంత్రం లాడ్జిలో దిగిన టూరిస్టుల ముందు మా కొండల థింసా నాట్యం ఆడతారు, అది ఈవెంట్ మేనేజ్‌మెంటు. గోధుమరంగు వాళ్ళు లాడ్జి పరుపులు మేడ మీదకి మోసి, ఎండబెట్టి, దులిపి కిందకి దించుతారు, అది ఆపరేషన్స్. ఆకుపచ్చ వాళ్ళం లాడ్జి ముందున్న ఖాళీ స్థలంలో తోట వెయ్యాలి. దాని పేరు ప్లాంటేషన్ మేనేజ్‌మెంటు. మా తెలివితేటలకీ లాడ్జి అవసరాలకీ ఇంత చక్కగా పొత్తు కుదిరిందంటే అది దైవసంకల్పం కాక మరేమిటి?

మాస్టారు ఒక్కరే కరస్పాండెంటు గారి గదికి వెళ్ళారు. నేను అప్పుడు కిటికీ కింద మట్టి పెళ్ళలు కొడుతున్నాను కాబట్టి ఆ సంభాషణ నా చెవిన పడింది.

"యూనివర్సిటీ పేపరు అందరికీ ఒకటే వస్తుందండి. ఆకుపచ్చ పేపరు, గోధుమరంగు పేపరు అని రావు," అన్నారాయన.

"మీరు పాతకాలం మనిషి మాస్టారూ. ఎవరి తెలివిని బట్టి వాళ్ళకి చెప్పాలి."

"ఆ మొక్కలు పాతే అమ్మాయికి అకౌంట్స్ ఎవరు చెబుతారు?"

"మొక్కల ద్వారా దానంతటదే వస్తుంది. ట్రైనరు గారు చెప్పలేదూ?"

మాస్టారు మఫ్లరు సర్దుకుని బయటికొచ్చారు. నన్ను చూసి, నా చేతిలో గునపం చూసి, క్లాసుకి వెళ్ళిపోయారు.

శుక్రవారం సంతకి మా అయ్య వచ్చాడు. మిరియాలు అమ్మేసి, కూతుర్ని చూసి పోదామని కాలేజీకి వచ్చి, తోటలో వంగి ఉన్న నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏటమ్మీ, ఏటి సేత్తన్నావు?"

"క్లాసయ్యా."

"గొప్పు తవ్వడం క్లాసేటి?"

"ప్లాంటేషన్ మేనేజ్‌మెంటు," అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుంటే నాకే సిగ్గేసింది.

"ఇంటికాడ కాఫీ మొక్కలకి గొప్పు తియ్యమంటే సదువున్నాదని ఎల్లిపోయినావు. ఆ సదువేదో మన తోటలోనే సదువుకుంటే బువ్వయినా ఇంటికాడ తిందువు గదా."

మా అయ్య ఎగతాళిగా అనలేదు. నిజంగానే అర్థం కాక అన్నాడు. నేను మళ్ళీ మట్టి మీదకి వంగేసరికి, చెప్పులు కిందే విడిచి, పైకి కరస్పాండెంటు గారి దగ్గరికి వెళ్ళాడు. కాసేపటికి దిగొచ్చాడు. మొహంలో అయోమయం ఉంది, దాని మీద కాస్త గర్వం కూడా ఉంది.

"నీకేదో తెలివున్నాదంట గదే. అందరికీ ఉండదంట. ఆ బాబు నాకు కుర్చీ ఏసి మరీ సెప్పినాడు."

"ఏం తెలివయ్యా?"

"మొక్కల తెలివంట. మరి ఇన్నేళ్ళూ ఇంటికాడ దాసినావేటి?"

సంచిలోంచి చోడి రొట్టెలు తీసి ఇచ్చి, బేగి వెళ్ళాలి, జీపు పోతుందని వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను మిగతా గొప్పు తవ్వలేదు. గునపం అక్కడే పారేసి, హాస్టలుకి పోయి, దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. నా స్నేహితురాలు చాలాసేపు నా పక్కన కూర్చుంది. దానికి మాత్రం తన శరీరం తెలివి మీద పెద్దగా ఫిర్యాదు లేదు. పరుపులు మోసే పని నాలుగు రోజులు చేశాక, స్టోరు రూములో పేర్చిన పరుపుల మీద ఎవరికీ కనబడకుండా నిద్రపోవచ్చని అది కనిపెట్టింది.

"నీకూ గోధుమరంగొస్తే బాగుణ్ణే," అంది నా మీద జాలితో.

నా ప్రకృతి తెలివి సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. కరస్పాండెంటు గారు ఊటీ నుంచి డేలియా దుంపలు తెప్పించి నా చేతికిచ్చారు. నేను వాటిని పాతి, రోజూ పొద్దునా సాయంత్రం బకెట్లతో నీళ్ళు పోశాను. తలకెత్తుకున్న పని శ్రద్ధగా చెయ్యాలని ఆశ్రమ పాఠశాలలో నేర్పారు. అవి కుళ్ళిపోయాయి. గులాబీలకి ఎరువు వేస్తే మాడిపోయాయి. మా ఇంట్లో కాఫీ మొక్కల సంగతి మా అయ్య, మా అన్న చూసుకునేవారు. నేను పళ్ళు కోసి బుట్టలో వెయ్యడం తప్ప ఎరగను. ఆకుపచ్చ రిబ్బను గుచ్చుకున్న మిగతా ముగ్గురూ నాకంటే తెలివైనవాళ్ళు. వాళ్ళు వారంలోనే జ్వరం వచ్చిందని ఇళ్ళకి పోయారు.

కుళ్ళిన దుంపల్ని తవ్వి తీస్తుంటే షావుకారు గారి అబ్బాయి గోడ దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"డేలియాకి నీల్లు నిలిస్తే కుళ్ళిపోద్ది," అన్నాడు. "నువ్వు సెరువు కట్టేసినావు."

"అంత తెలిస్తే నువ్వే పాతు," అన్నాను ఒళ్ళు మండి.

వాడు గోడ దూకి వచ్చేశాడు. ప్యాంటు మడిచి, మట్టిలో కూర్చుని, బాగున్న దుంపలు వేరు చేసి, ఎత్తుగా మడి కట్టి పాతాడు. వాడి మొహంలో అంత సంతోషం నేను లెక్కల క్లాసులో ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ ఇంటి డాబా మీద డబ్బాల్లో మొక్కలు పెంచుకునేవాడట. వాళ్ళ నాన్న ఒకరోజు మొక్కలు పారేసి, డబ్బాలన్నీ దించి కొట్లో నూనె డబ్బాలుగా వాడేసుకున్నాడట.

"నీలం క్లాసులో నాకేటీ తెల్డం లేదు," అన్నాడు. "మాస్టారు బోర్డు మీద ఏత్తంటే నాను ఈ మొక్కలు సచ్చిపోవడం సూత్తన్నాను. నీకు లెక్కలంటే ఇష్టమేనా?"

"ఇష్టమో కాదో తెలియాలంటే ముందు చెప్పాలిగా."

"అయితే నా రిబ్బను నువ్వు తీసుకో."

అలా మా తెలివితేటలు మార్చుకున్నాం. పిన్నీసు తీసి గుచ్చుకునేంతలో అయిపోయింది.

మర్నాడు నీలం రిబ్బను గుచ్చుకుని డీలక్స్ రూములో వెనక కూర్చున్నాను. మాస్టారు నన్ను చూశారు, రిబ్బను చూశారు.

"ముందుకొచ్చి కూర్చో అమ్మా. అక్కడి నుంచి చూస్తే అద్దం మెరుపుకి బోర్డు కనబడదు," అన్నారు. అంతే.

నేనేదో దాచిపెట్టిన మాణిక్యంలా మెరిశానని చెప్పను. తరుగుదల లెక్కలు నాకు చాలా కష్టంగా ఉండేవి. బ్యాంకు పుస్తకంలో ఉన్న మొత్తానికీ మన పుస్తకంలో ఉన్న మొత్తానికీ తేడా ఎందుకు వస్తుందో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. అయినా ఆ గదిలో తలుపు వేసి ఉండేది. వాన పడితే ఎవరో ఒకరు లేచి కిటికీ మూసేవారు. రెండు వైపులా మొత్తాలు సరిపోయిన రోజున నాకు కలిగిన తృప్తి, మా కొండల్లో సూర్యోదయం చూసి టూరిస్టులు పడే తృప్తికి ఏమాత్రం తక్కువ కాదు.

కరస్పాండెంటు గారు ఒకరోజు కిందకొచ్చి, షావుకారు గారి అబ్బాయి మట్టిలో కూర్చుని ఉండడం చూసి కంగారుపడ్డారు. వాళ్ళ కొట్టు నుంచే లాడ్జికి సరుకులు వస్తాయి మరి.

"అయ్యయ్యో, నువ్వెందుకు బాబూ ఈ పని?"

"లెక్కేత్తన్నానండి," అన్నాడు వాడు తడుముకోకుండా. "ఏ మొక్కకి ఎంత నీరు పడుద్దోనని."

"ఓహో, ప్రాక్టికల్స్," అని కరస్పాండెంటు గారు సంతోషించారు.

అదే మట్టి, అదే గునపం. నేను పట్టుకుంటే ప్రకృతి తెలివి, వాడు పట్టుకుంటే లెక్క తెలివి.

చలికాలం వచ్చేసరికి తోట విరగబూసింది. పళ్ళేలంత డేలియాలు, గోడ పొడుగునా బంతి, మెట్ల పక్కన గులాబీలు. టూరిస్టులు మా వలిసె చేలు వదిలేసి ఇక్కడే ఫోటోలు దిగడం మొదలుపెట్టారు. అది చూసి నేను రైతు బిడ్డగా ఆనందించాను. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీ గుర్తింపు పని మీద యూనివర్సిటీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. మంకీ క్యాపు తియ్యకుండానే తోటంతా తిరిగారు. ట్రైనరు గారు కూడా ఆ రోజుకి ప్రత్యేకంగా దిగారు. డైనింగ్ హాల్లో సభ పెట్టారు.

ట్రైనరు గారు మైకు పట్టుకుని, ఒక కొండ ఊరి అమ్మాయి, లెక్కల క్లాసులో కూర్చోబెడితే వాడిపోయే అమ్మాయి, తన సహజమైన తెలివిని గుర్తించడం వల్ల ఇంత అందమైన తోటని సృష్టించిందని చెప్పారు. నన్ను పిలిచారు. నేను నీలం రిబ్బను పుస్తకంలో దాచేసి వెళ్ళాను. శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు.

"ఆ మొక్కలు నేను పెంచలేదండి," అన్నాను. "నేను పాతినవన్నీ చచ్చిపోయాయి."

షావుకారు గారి అబ్బాయి తల బాగా కిందకి దించేసుకున్నాడు. వాళ్ళ నాన్న ముందు వరసలోనే కూర్చుని ఉన్నాడు. అందుకని వాడి మాట నేనెత్తలేదు.

"చూశారా," అన్నారు ట్రైనరు గారు, కళ్ళు చెమర్చినట్టే ఉన్నాయి. "వీళ్ళు ప్రకృతిని తమ సొంతం అనుకోరు. ఈ వినయమే ప్రకృతి తెలివికి గుర్తు."

అందరూ చప్పట్లు కొట్టారు. యూనివర్సిటీ పెద్దమనిషి ఆసక్తిగా ముందుకు వంగి, బల్ల మీద పెట్టిన పూలగుత్తి చూపించి, "ఈ ఊదారంగు పువ్వేమిటమ్మా?" అని అడిగారు.

"తెలీదండి."

"వాళ్ళ పేర్లు వేరుగా ఉంటాయి సార్," అన్నారు ట్రైనరు గారు. "మన పేర్లు వాళ్ళకి తెలియవు."

నిజం చెప్పినా వినయమే, తెలియదన్నా విజ్ఞానమే. ఇంక నేనేం చెయ్యను? శాలువా వేసుకుని దిగొచ్చేశాను. వెనక నిలబడ్డ మాస్టారు మఫ్లరుతో మూతి కప్పుకుని గోడవైపు తిరిగారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. యూనివర్సిటీ పెద్దమనిషి ఈ పద్ధతి మిగతా కాలేజీలకి కూడా ఆదర్శమని చెప్పి, రెండు డేలియా కుండీలు జీపులో పెట్టించుకుని వెళ్ళారు.

ఆ పూట హాస్టల్లో నా స్నేహితురాలు నా శాలువా కప్పుకుని పడుకుని ఆలోచించింది. అది మేలుకుని ఆలోచించడం చాలా అరుదు.

"ఆ టై సారు రేపు గదా ఎల్తాడు? మల్లీ పరీచ్చ ఎట్టమందాం."

"ఎందుకే?"

"ఎందుకేటి? మొదట అవునన్నవాటికి కాదని ఎడదాం. లెక్కలంటే పేనమని ఎడదాం. అప్పుడేటౌద్దో సూద్దాం."

పొద్దున్నే మేమందరం, పరుపుల వాళ్ళు, థింసా వాళ్ళు, జ్వరాలు తగ్గి వచ్చిన ఆకుపచ్చ వాళ్ళు కలిసి ట్రైనరు గారి గదికి వెళ్ళాం. మా తెలివి ఈ కొద్ది నెలల్లో ఎంత ఎదిగిందో తెలుసుకోవాలని ఉందని చెప్పాం. ఆయన పొంగిపోయారు. ఇంత ఉత్సాహం నగరాల్లో కూడా చూడలేదని, అదే పరీక్ష మళ్ళీ పెట్టారు.

నడుస్తారా? నడవను. వాన సంగతి చెప్పగలరా? చెప్పలేను. జంతువులు? నాకు పడవు. బరువులు? ఎత్తలేను. పాట వింటే కాలు కదులుతుందా? నా కాలు ఎప్పుడూ కదల్లేదు. లెక్కలు, పజిల్స్, చిక్కుముళ్ళు? అన్నం మానేసి మరీ చేస్తాను. నా వెనక అమ్మాయి తనకి జన్మలో ఏ చెట్టూ కనబడలేదని పెట్టింది.

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. కొండ ఊళ్ళ పిల్లలమంతా లెక్క తెలివి వాళ్ళమైపోయాం. నీలం రిబ్బన్లు చాలలేదు.

మర్నాడు డీలక్స్ రూము కిటకిటలాడింది. మాస్టారు తలుపు దగ్గర నిలబడి, లోపలికి అడుగు పెట్టడానికి చోటు లేక, "ఎంత తెలివి పెరిగిపోయిందో," అన్నారు మెల్లిగా. ఆ రోజు పరుపులు ఎండలేదు. సాయంత్రం టూరిస్టులు నెగడు చుట్టూ కూర్చుని థింసా కోసం ఎదురుచూసి, విసిగిపోయి కింద రిసెప్షన్‌లో గొడవపడ్డారు. తోటలో ఒక్క మనిషి మాత్రం ఎప్పటిలాగే పని చేసుకుంటున్నాడు.

కరస్పాండెంటు గారు రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు క్లాసుకి వచ్చారు.

"ఈ పరీక్ష మన ప్రాంతానికి సరిపడదని తేలింది," అన్నారు. "ఇంక అందరికీ ఒకటే చదువు."

"మరి మా తెలివండి?" అని అడిగింది నా స్నేహితురాలు అమాయకంగా.

"ఉన్న తెలివి చాలు, కూర్చోండి."

పరుపులకీ తోటకీ అప్పుడు మనుషుల్ని కూలికి పెట్టుకున్నారు. వాళ్ళకి ఏ రకం తెలివి ఉందో ఎవరూ పరీక్షించలేదు.

మిగిలిన కాలంలో మాస్టారు పొద్దున్న క్లాసుకి ముందే వచ్చి మాకు వెనకబడిన పాఠాలన్నీ చెప్పారు, అదే పాత పద్ధతిలో. చెయ్యడం, విసుక్కోవడం, బయటికి పోయి నిలబడడం, మళ్ళీ చెయ్యడం. పరీక్షల్లో పేపరు ఆయన చెప్పినట్టే ఒకే రంగులో వచ్చింది. నేను అకౌంట్స్‌లో పాసయ్యాను, గొప్పగా కాదు. నా స్నేహితురాలు బొటాబొటి మార్కులతో పాసైంది. నీలం రిబ్బన్ల వాళ్ళలో కొందరు పాసయ్యారు, కొందరు తప్పారు. మాలోనూ అంతే. షావుకారు గారి అబ్బాయి తప్పాడు. వాళ్ళ నాన్న చదువు మాన్పించి కొట్లో కూర్చోబెట్టాడు. మాస్టారు మరుసటి ఏడాది విజయనగరంలో ఏదో కాలేజీలో చోటు దొరికిందని వెళ్ళిపోయారు. రైలు దగ్గరికి మేం పది మంది దాకా వెళ్ళాం. రైలు వచ్చేదాకా పరీక్షలో తరచూ వచ్చే తప్పుల గురించే మాట్లాడుకున్నాం. మా తర్వాత ఇంకో బ్యాచి అయ్యాక, అరకుకి టూరిస్టులు ఏడాది పొడుగునా రావడం మొదలుపెట్టడంతో, కరస్పాండెంటు గారి విద్యాసేవ ముగిసింది.

నాకు పాడేరులో ఒక ఆఫీసులో అకౌంట్స్ గుమస్తా ఉద్యోగం దొరికింది. గదికి తలుపులున్నాయి. కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడదు, అయినా మూసుకుంటాను. క్వార్టర్సులో పక్కింటి వాళ్ళు కరివేపాకు మొక్కకి తెగులు పట్టిందని నన్నే పిలుస్తారు. "మీ వాళ్ళకి ఇవన్నీ పుట్టుకతోనే తెలుస్తాయి కదండీ," అంటారు. ఒకప్పుడు కాదని చెప్పేదాన్ని. ఇప్పుడు ఆకు అటూ ఇటూ తిప్పి చూసి, గంభీరంగా తలూపి వస్తున్నాను. వాళ్ళకి అది చాలు.

ఒకసారి అరకు సంతకి వెళ్ళినప్పుడు హోల్‌సేల్ కొట్టు ముందు ఆగాను. షావుకారు గారి అబ్బాయి ఇప్పుడు తనే షావుకారు. బస్తాల మధ్య బల్ల మీద కూర్చుని ఎవరికో చక్కెర తూయిస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, కుర్చీ తుడిచి వేశాడు. టీ తెప్పించాడు.

"ఇంకా మొక్కలు పెంచుతున్నావా?" అని అడిగాను.

"ఎక్కడ? కొట్లోకి ఎండ తగల్దు," అన్నాడు. టీ ఊదుకుంటూ, "మా ఆవిడికి పువ్వులు పడవు, తుమ్ములొత్తాయి," అని నవ్వాడు. తర్వాత టీ గ్లాసు కింద పెట్టి, "నీకు లెక్కలు బాగానే వచ్చినట్టున్నాయి. ఈ సేల్స్ టాక్సు కాగితం ఓపాలి సూత్తావేటి, నాకిదేటో తెల్డం లేదు," అన్నాడు.

కూర్చుని చూశాను. అందులో కూడిక తప్పింది. దిద్ది ఇచ్చి, పాడేరు బస్సుకి టైమవుతోందని లేచాను.